గరికకు ఎండ కావాలి

రాజమండ్రి దగ్గరి కడియం నుంచి రాత్రిపూట బయల్దేరే లారీల్లో పూలమొక్కలు, పామ్ చెట్లు అందరి కంటా పడతాయి. తడి గోనెలు కప్పుకుని వెళ్ళే గడ్డి లారీని మాత్రం ఎవరూ పట్టించుకోరు. నా బతుకుతెరువంతా ఆ లారీతోనే ముడిపడింది. లాన్ పెంచడం, కోయడం, తీసుకెళ్ళి పరచడం, పరిచిన చోట నిలబడి బతికించడం నా వృత్తి. ఇళ్ళ ముందు, ఆఫీసుల ముందు, పార్కుల్లో చాలా పరిచాను. కానీ నాకు పని నేర్పింది గోల్ఫ్ మైదానాలే.

మాది కడియపులంక పక్కన చిన్న ఊరు. మా నాన్నగారు మల్లె, కనకాంబరం, బంతి పండించి పూల మార్కెట్టుకి వేసేవారు. మా చుట్టూ బుర్రిలంక, వేమగిరి, వీరవరం, పొట్టిలంక ఒకదాని వెనక ఒకటి నర్సరీలుగా మారిపోయాయి. గోదావరి కాలువ నీళ్ళు, ఒండ్రు నేల, హైవే మూడూ ఒకేచోట కలిసిన ఊళ్ళు కాబట్టి అది సాధ్యమైంది. పల్ల వెంకన్న గారి సత్యనారాయణ నర్సరీని చూసి మావాళ్ళు ఎంతోమంది మొక్కల వ్యాపారంలోకి దిగారు. మాకున్నది కొద్దిపాటి పొలం. దాంట్లో నేను గడ్డి వేశాను. గడ్డికి పెట్టుబడి తక్కువ, కోతకు త్వరగా వస్తుంది, కోసిన చోటే మళ్ళీ అల్లుకుంటుంది.

కోసిన గడ్డి ఎక్కువ సేపు ఆగదు. చదరాలుగా కోసి దొంతర పెట్టామంటే లోపల వేడెక్కి పసుపు రంగుకు తిరుగుతుంది. అందుకే సాయంత్రం కోసి, రాత్రికి రాత్రి నడిపించి, తెల్లారేసరికి దించి పరిచెయ్యాలి. ఆ లారీ వెంట వెళ్తూ వెళ్తూనే నేను విశాఖ, హైదరాబాదు మైదానాల్లోకి అడుగుపెట్టాను. మొదట పరిచి వచ్చేసేవాణ్ణి. తర్వాత పరిచినదాన్ని చూసుకోమని ఉండమన్నారు. అలా నెలలూ ఏళ్ళూ గడిచాయి.

గోల్ఫ్ చూడనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. ఒక్కో హోల్ ఆట టీ అనే చదునైన గట్టు మీద మొదలవుతుంది. అక్కణ్ణుంచి ఫెయిర్‌వే అనే పొడవాటి పచ్చిక దారి, దానికి రెండు పక్కలా రఫ్ అనే పొడుగు గడ్డి, ఆ వెనక చెట్లు, మధ్యలో ఇసుక గుంటలు, చివర గ్రీన్. గ్రీన్‌లో 108 మిల్లీమీటర్ల వెడల్పు గుంట. బంతి వెడల్పు దాదాపు 43 మిల్లీమీటర్లు, బరువు 46 గ్రాములు దాటకూడదు. అలాంటి హోళ్ళు 18. ఆటగాడికి అది ఒకే మైదానం. గడ్డి పనివాడికి మాత్రం నాలుగు రకాల సాగు. రఫ్‌లో గడ్డి రెండంగుళాలు ఉండొచ్చు. ఫెయిర్‌వేలో అర అంగుళం. గ్రీన్ మీద మూడు, నాలుగు మిల్లీమీటర్లు, అంటే బియ్యపు గింజంత పొడవు కూడా ఉండదు. రోజూ అంత కిందికి కోస్తున్నా చావకుండా, పైగా చిక్కగా అల్లుకునే గడ్డి లోకంలో ఎన్నో లేవు.

వేడి దేశాల్లో ఆ గడ్డి గరికే. వినాయక చవితికి మనం కోసుకొచ్చే గరిక జాతినే ప్రపంచమంతా బెర్ముడా గడ్డి అంటున్నారు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్ అనే ఊళ్ళో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త ఈ గరికకు ఆఫ్రికా గరికను సంకరం చేసి సన్నరకాలు తీశాడు. టిఫ్‌గ్రీన్ 1956లో, టిఫ్‌వే 1960లో, టిఫ్‌డ్వార్ఫ్ 1965లో వచ్చాయి. అదే బర్టన్ తయారుచేసిన సజ్జ వంగడంతోనే మన దేశంలో 1965లో మొదటి హైబ్రిడ్ సజ్జ వచ్చింది. మెట్టరైతు కంచానికీ గోల్ఫ్ గ్రీన్‌కీ ఒకే మనిషి చేతి సాయం అందిందని తెలిసిన రోజు ఆయన మీద నాకు గౌరవం రెట్టింపయింది. ఈ సంకర గరికలకు మొలిచే విత్తనం రాదు. గెనుపు నాటితేనే పిలక. అంటే ఇది విత్తనాల కంపెనీ చేసిపెట్టే పని కాదు, నర్సరీవాడి చేతిపని. అందుకే మా కడియానికి ఈ ఆటతో లంకె ఉందంటాను.

అయితే మా గడ్డిని తీసుకెళ్ళి నేరుగా గ్రీన్ మీద పరచడానికి లేదు. మా నేల ఒండ్రు. మమ్మల్ని ఇంతవాళ్ళను చేసింది అదే. గ్రీన్‌కు మాత్రం అది పనికిరాదు. గ్రీన్ అడుగున డ్రైనేజీ పైపులుంటాయి. వాటిమీద నాలుగంగుళాల కంకర, ఆ మీద పన్నెండంగుళాల ఇసుక. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో ప్రకటించిన పద్ధతి ఇది. ఎంత వాన పడినా నీళ్ళు దిగిపోయి కాసేపటికి ఆట సాగాలి. ఆ ఇసుక మీద ఒండ్రు అంటుకున్న గడ్డిని పరిస్తే, మధ్యలో వేలెడు మందాన జిగటమట్టి పొర నిలిచిపోతుంది. పైన పోసిన నీళ్ళు ఇసుకలోకి దిగవు. వేళ్ళు ఆ పొరలోనే చుట్టుకుంటాయి. వారం రోజులు ముసురు పట్టిందంటే నాచు కడుతుంది, మేలో ఎండ కాసిందంటే మాడిపోతుంది.

కాబట్టి గడ్డిని కడగాలి. ఇనుప జల్లెడ మీద చదరాన్ని బోర్లా వేసి, పైపుతో నీళ్ళు కొడుతూ, వేళ్ళ మధ్యలోని మట్టిని చేత్తో వదిలించాలి. గట్టిగా కొడితే వేరు తెగుతుంది. మెల్లగా కొడితే మట్టి వదలదు. నీళ్ళు ఎర్రగా, తర్వాత బూడిదరంగుగా, చివరికి తేటగా కారేదాకా కడిగితే, తెల్లని వేళ్ళతో గడ్డి చాపలా చేతికొస్తుంది. కొత్త గ్రీన్ వేయాలంటే ఆ చాప కూడా వద్దు. గెనుపులు విడదీసి, ఇసుక మీద చల్లి, రోలరుతో అణిచి, పల్చగా ఇసుక కప్పి, మొదటి పదిరోజులూ పూటకు మూడుసార్లు తుంపరగా నీళ్ళివ్వాలి. ఈ పనికి నేను మా ఊరి ఆడవాళ్ళనే తీసుకెళ్ళేవాణ్ణి. వరి నాట్లలో చేయి తిరిగినవాళ్ళు. ఎక్కడ పల్చబడిందో, ఎక్కడ ఒత్తయిందో వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు రెండున్నర నెలలకు ఇసుక కనబడకుండా అల్లుకుంటుంది. మొదటిసారి మోవర్ పెట్టే ముందు దాన్ని అరచేత్తో నిమిరితే కలిగే తృప్తి, ఎంత పెద్ద లాన్ పరిచినా నాకు రాలేదు.

రోజు పని చీకటితోనే మొదలవుతుంది. చలికాలం అయితే ముందు మంచు దులపాలి. పొడుగాటి సన్నని వెదురుబద్దను గ్రీన్ మీద అటూ ఇటూ తిప్పుతూ నడిస్తే నీటిబొట్లు రాలిపోతాయి. మంచు నిలిచిందంటే బూజు తెగులు తప్పదు, మోవర్ కూడా నున్నగా కోయదు. గ్రీన్ మోవర్ ఇళ్ళలో వాడే మిషను లాంటిది కాదు. గుండ్రంగా తిరిగే రీలు, కింద బిగించిన కత్తి. ప్రతి ఉదయం కాగితం ముక్క పెట్టి రీలు తిప్పి చూస్తాం. నలగకుండా తెగాలి. నలిగిందంటే గడ్డి కొసలు చీలి, మధ్యాహ్నానికి గ్రీన్ తెల్లబోతుంది. నిన్న నిలువుగా కోస్తే ఇవాళ అడ్డంగా, రేపు ఐమూలగా. ఒకే వైపు కోస్తూ పోతే గడ్డి ఆ వైపుకే వాలిపోయి బంతి దారి మారుతుంది.

అందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని గుంట మార్చడం. ఆటగాళ్ళ కాళ్ళు ఒకేచోట పడితే గడ్డి చచ్చిపోతుంది కాబట్టి రోజూ కొత్తచోట గుంట కొట్టాలి. గ్రీన్ అంచు నుంచి కనీసం నాలుగంగల లోపలికి, చుట్టూ రెండు మూడు అడుగులు వాలు లేని చోటు వెతుక్కోవాలి. కట్టర్‌ని నిటారుగా పెట్టి దిగ్గొట్టి, తిప్పి లాగితే గడ్డితో సహా ఇసుక కడ్డీ ఊడొస్తుంది. దాన్ని తీసుకెళ్ళి పాత గుంటలో దించాలి. ఆ దించడంలోనే పనితనం తెలుస్తుంది. వెంట్రుకవాసి పైకి ఉంటే మోవర్ గీకేస్తుంది, కిందికి ఉంటే బంతి తడబడుతుంది. అరచెయ్యి ఆనించి చూసి, చుట్టూ వేళ్ళతో నొక్కి, చెంబుడు నీళ్ళు పోసి లేవాలి. కొత్త గుంటలో దించే కప్పు అంచు నేలమట్టం కన్నా అంగుళం కిందికి ఉండాలని ఆట నియమం. రెండు రోజుల తర్వాత పాత గుంట ఎక్కడుందో నేనే కనుక్కోలేకపోతే పని సరిగ్గా జరిగినట్టు.

తుంగ మాత్రం మమ్మల్ని ఎక్కడికి వెళ్ళినా వదల్లేదు. వరిచేలో పీకినవాళ్ళం, గ్రీన్‌లోనూ మోకాళ్ళ మీద కూర్చుని చాకుమొనతో దుంపతో సహా తీశాం. వర్షాకాలంలో బూజు, వేరుపురుగు, లద్దెపురుగు. ఏడాదికి రెండుసార్లు గ్రీన్‌కు బోలు మేకులతో రంధ్రాలు చేసి, వాటినిండా ఇసుక నింపుతాం. "చక్కటి గ్రీన్‌కి ఎందుకయ్యా తూట్లు పొడిచారు?" అని ఆటగాళ్ళు విసుక్కుంటారు. వేరుకు గాలి కావాలి సార్ అని చెప్పేవాణ్ణి. మూడు వారాలు ఓపిక పడితే గ్రీన్ మళ్ళీ వాళ్ళ చేతికొస్తుంది.

ఇక చెట్ల సంగతి. నేను మొక్కల ఊరివాణ్ణి. చెట్టు మీద చెయ్యి వెయ్యాలంటే నాకు మనసొప్పదు. కానీ అడవిలాంటి చోట గోల్ఫ్ మైదానం నిలబెట్టాలంటే చెట్టుకూ గరికకూ మధ్య తగువు తీర్చడం ఒక్కటే అసలు పని, మిగిలినవన్నీ దాని తర్వాతే. పొట్టిరకం గరికకు రోజుకు ఎనిమిది గంటలు నేరుగా ఎండ పడాలి. నీడలో అది పొడుగ్గా సాగి, పల్చబడి, నాచుకు చోటిచ్చి చచ్చిపోతుంది. ఎరువు వేసినా లాభం లేదు, నీళ్ళు పెట్టినా లాభం లేదు. అందుకని గ్రీన్‌కు తూర్పున గుబురు చెట్టు ఉండకూడదు. ఉదయపు ఎండ ఆగిపోతే మంచు పదింటిదాకా ఆరదు. దక్షిణాన కూడా వద్దు, ఎందుకంటే మన చలికాలపు సూర్యుడు అటువైపే వాలి నడుస్తాడు. ఉత్తరాన, పడమరన ఎంత చెట్టయినా ఉండనివ్వండి. మధ్యాహ్నం తర్వాతి నీడ మనుషులకు హాయి, గరికకూ హాని లేదు. ఇక కనబడకుండా జరిగే తగువు వేళ్ళది. పెద్దచెట్టు వేరు గ్రీన్ కిందికి పాకి నీళ్ళన్నీ తాగేస్తుంది. చెట్టును కొట్టకుండా, రెండింటి మధ్యా లోతుగా కందకం తీసి, ఇటు వచ్చిన వేళ్ళను మాత్రం కోసి మళ్ళీ పూడ్చేస్తాం. కొన్నాళ్ళకోసారి అది చేస్తూ ఉంటే రెండూ బతుకుతాయి.

హైదరాబాదులో గోల్కొండ నయా ఖిల్లా దగ్గరి మైదానం చూసినవాళ్ళకు ఈ మాట బాగా అర్థమవుతుంది. కోటగోడలు, బండలు, పాత మసీదు, వాటి మధ్య ఏనుగు చెట్టు అని పిలిచే బావోబాబ్. దాని మొదలు చుట్టుకొలత 27 మీటర్లు పైమాటే, వయసు నాలుగు వందల ఏళ్ళు దాటిందంటారు. అలాంటి చెట్టు ముందు గడ్డే తప్పుకోవాలి. తప్పుకునే చోట తప్పుకోవడం కూడా మైదానం పనిలో భాగమే.

విశాఖలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ముడసర్లోవ దగ్గర ఉంది. పక్కన జలాశయం, చుట్టూ కొండలు, దగ్గరలోనే కంబాలకొండ అభయారణ్యం. మన రాష్ట్రంలో అడవి గాలి పీలుస్తూ గోల్ఫ్ ఆడాలంటే ఇంతకన్నా మంచిచోటు నేను చూడలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఆ నేలమీదే తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్లు దాటిన గాలి. నగరం చుట్టూ చెట్లు, కొండల మీది అడవి చాలావరకు ఒక్క పగటిపూటలో పడిపోయాయి. తర్వాత నేను వెళ్ళేసరికి ఎక్కడ చూసినా వేళ్ళు పైకి లేచిన మొదళ్ళు, రంపాల చప్పుడు, ఎండిన ఆకు వాసన. పడినవాటిలో తురాయి, పచ్చతురాయి లాంటి త్వరగా పెరిగే అలంకారపు చెట్లు ఎక్కువ. తాటిచెట్టు, వేప చాలాచోట్ల కొమ్మలు పోగొట్టుకున్నా నిలబడ్డాయి. చెట్లు పడిన చోట్ల, అంతకుముందు ఎండ మొహం చూడని నేలంతా ఆ ఏడు గరికతో నిండిపోయింది. గడ్డి పనివాడిగా అది చూసి సంతోషించాలి, చెట్ల ఊరివాడిగా నాకు గుండె బరువెక్కింది. మా కడియం నుంచి విశాఖకు మొక్కల లారీలు వరసకట్టాయి. మమ్మల్ని అడిగినవాళ్ళందరికీ నేను చెప్పింది ఒకటే. గాలికి తట్టుకునే వేప, కానుగ, నేరేడు, పొగడ, తాటి పెట్టండి, నాలుగేళ్ళలో నీడ కావాలని తొందరపడి మెత్తచెట్లు పెట్టకండి.

ఇంతకీ ఆడావా అని అడుగుతారు. ఆడాను. మన దేశంలో చాలా క్లబ్బుల్లో సోమవారం మైదానానికి సెలవు. ఆ రోజు మరమ్మతులు అయ్యాక, ఆటగాళ్ళ సంచులు మోసే కేడీలు, పనివాళ్ళు ఆడుకుంటారు. అరువు తెచ్చుకున్న ఏడో నంబరు ఐరన్‌తోనే నేను నేర్చుకున్నాను. ఒకసారి నా బంతి చెట్లలోకి వెళ్ళింది. ఎండుటాకుల మీద, రెండు మొదళ్ళ మధ్య సన్నని సందులోంచి గ్రీన్ కనిపిస్తోంది. కర్ర సర్దుకుంటుంటే పాత కేడీ ఒకాయన వెనకనుంచి అన్నాడు:

"ఆ సందులోంచి ఎల్లదు బాబూ. పక్కకి తీసి దారిలో ఏసుకో. ఒక దెబ్బ పోతే పోనీ."

"కనబడుతోంది కదా బాబాయ్?"

"కనబడ్డవన్నీ దార్లు కావు. కొమ్మ తగిలి బంతి ఇంకా నోపలికి పోతే మూడు దెబ్బలు పోతాయి."

పక్కకు తీసి ఫెయిర్‌వేలో వేశాను. అక్కణ్ణుంచి గ్రీన్ మీదికి, ఆ తర్వాత గుంటలోకి దొర్లించడానికి రెండు పుట్లు. అడవి మైదానంలో ఆడే తీరు నాకు ఆయన దగ్గరే పట్టుబడింది. చెట్ల మధ్య గాలి నేలమీద ఒకలా, కొమ్మల పైన ఇంకోలా ఉంటుందని, చిటారు కొమ్మల్ని చూసి కర్ర ఎంచుకోవాలని చెప్పింది కూడా ఆయనే. నేనిచ్చిన సలహా ఒకటే. గ్రీన్ మీద బంతి పడి నొక్కుకున్న చోటును వెంటనే చిన్న పుల్లతో అంచులనుంచి లోపలికి నెట్టి చదును చేస్తే ఒకట్రెండు రోజుల్లో మానుతుంది, వదిలేస్తే వారాలు పడుతుందని. అప్పట్నుంచి ఆయన తన వెంట వచ్చే ఆటగాళ్ళ చేత కూడా చేయించేవాడు.

కేడీల చేతుల్లో ఎంత ఆట ఉందో దేశానికి తెలియనిది కాదు. ఢిల్లీలో కేడీగా మొదలుపెట్టిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. మనవైపు కూడా అలాంటి చేతులు ఉన్నాయి. లేనిదల్లా అందరూ వెళ్ళగలిగే మైదానం. గోల్ఫ్ పుట్టిల్లని చెప్పుకునే స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ పాత మైదానం జనానిది. సభ్యుడు కాకపోయినా డబ్బు కట్టి ఆడొచ్చు, ఆదివారం ఆట ఆపి ఊరివాళ్ళకు నడవడానికి వదిలేస్తారు. ఢిల్లీ అభివృద్ధి సంస్థ 2000లో లాడో సరాయ్‌లో కుతుబ్ గోల్ఫ్ కోర్సు తెరిచింది. దేశంలో మొదటి పబ్లిక్ గోల్ఫ్ కోర్సు అది. సభ్యత్వం లేనివాడూ రుసుము కట్టి ఆడవచ్చు. మా రాజమండ్రి పిల్లవాడు 18 హోళ్ళ మైదానం చూడాలంటే 190 కిలోమీటర్లు ప్రయాణం చేసి విశాఖ వెళ్ళాలి.

డెల్టాలో మాగాణిని గోల్ఫ్‌కు ఇమ్మని నేను ఎన్నటికీ అనను. రెండు పంటలు పండే నేలలో ఆటకోసం గడ్డి వేయడం తప్పు. రిజర్వు అడవిని నరకడమూ తప్పే. కానీ రాజానగరం వైపు మెట్టలో ప్రభుత్వానికి బంజరు ఉంటే, అందులో పాతిక ముప్ఫై ఎకరాలు చాలు. మూడు దెబ్బల్లో ముగించే పార్ త్రీ హోళ్ళు తొమ్మిది పడతాయి. ఉన్న చెట్లు ఉన్నచోటే ఉండనిచ్చి, గ్రీన్లను ఎండపడే చోట పెట్టుకుంటే ఒక్క చెట్టూ కొట్టక్కర్లేదు. పట్టణం వాడి పారేసే నీటిని శుద్ధిచేసి పెట్టుకుంటే కాలువ నీళ్ళ జోలికి పోనవసరం లేదు. టికెట్టు సినిమా టికెట్టంత పెడితే చాలు, బడి పిల్లలు వస్తారు.

తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలో 2007 నుంచి ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. మా పక్కనే వేమగిరిలో జాతీయ పూల పరిశోధన డైరెక్టరేట్ వారి ప్రాంతీయ కేంద్రం ఉంది. ఈ రెండింటి పెద్దలకు నా మనవి. పచ్చిక సాగును ఆరునెలల కోర్సుగా పెట్టండి. క్రికెట్ మైదానాలు, ఫుట్‌బాల్ మైదానాలు, గోల్ఫ్ కోర్సులు దేశమంతా పనివాళ్ళ కోసం వెతుకుతున్నాయి. కడియం మండలంలో గడ్డి కోసి, కడిగి, నాటడం పుట్టుకతో వచ్చిన యువకులూ ఆడపిల్లలూ ఉన్నారు. వాళ్ళకు మోవర్ బిగించడం, తెగులు గుర్తుపట్టడం, ఇసుక పరీక్షించడం నేర్పేవాళ్ళు కావాలి. కోర్సు పెడితే నేర్పడానికి నేను వస్తాను. నాటడానికి గెనుపులు మా మడిలోంచే ఇస్తాను, ధర తీసుకోను.